మి తియెర్రా

మి తియెర్రా అనునది క్యూబాలో పుట్టి అమెరికాలో పెరిగిన గాయని గ్లోరియా ఎస్తెఫాన్ 1993 జూన్ 22న వెలువరించిన స్పానిష్ పాటల ఆల్బము. ఈ పేరుకు "నా నేల" అని అర్థము; తెలుగులో "పుట్టినగడ్డ" అన్న మాట దీనికి బాగా దగ్గరగా ఉంటుంది. ఎపిక్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బములో 12 పాటలున్నవి. ఎమిలియో ఎస్తెఫాన్, హోర్హే కాసాస్, క్లే ఓస్ట్‌వాల్డ్ దీనికి నిర్మాతలు. అంతకు ముందు దాదాపు పదేళ్ళుగా ఇంగ్లీషు పాటలతో ప్రపంచమంతటా పేరు పొందిన గ్లోరియా, తన సొంత పేరుతో పూర్తిగా మాతృభాషలో పాడిన మొదటి ఆల్బము ఇది.

వినేవారికి ఇవి 1930, 1940ల నాటి హవానా నాట్యశాలలలో పుట్టిన పాటలుగా తోచును. అయితే ఇది పాత పాటలను తిరిగి పాడిన సంకలనము కాదు. చాలావరకు పాటలు ఈ ఆల్బము కోసమే కొత్తగా కట్టినవి. పైగా పాడిన గాయని ఆనాటి హవానాను చూసి ఎరుగదు. పసితనంలో విడిచి వచ్చిన ఊరిని, ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలను బట్టి, వారు పాడుకున్న పాటలను బట్టి తిరిగి నిర్మించుకొనడమే ఈ ఆల్బములో జరిగిన పని.

క్యూబా వలసలు

1959 జనవరి 1న క్యూబా పాలకుడు ఫుల్హెన్సియో బాటిస్టా దేశము విడిచి పారిపోగా ఫిడెల్ కాస్ట్రో నాయకత్వంలోని విప్లవకారులు అధికారానికి వచ్చారు. పాత ప్రభుత్వంలో పనిచేసినవారు, ఆస్తిపరులు, తరువాత క్రమంగా మధ్యతరగతివారు దేశము విడిచి వెళ్ళసాగారు. వారిలో ఎక్కువమంది ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామి నగరానికి చేరారు. ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ పట్టణానికి, క్యూబా తీరానికి నడుమ దూరము 90 మైళ్ళు మాత్రమే. తొలుత వచ్చినవారిలో చాలామంది కొద్ది నెలలలో తిరిగి వెళ్ళగలమని నమ్మి, ఇళ్ళకు తాళాలు వేసి వచ్చారు. 1960 - 1962 మధ్య 14,000కు పైగా పిల్లలను తల్లిదండ్రులు ఒంటరిగానే విమానాలు ఎక్కించి పంపారు. 1965 - 1973 మధ్య నడిచిన ప్రత్యేక విమానాలలో రెండున్నర లక్షల మందికి పైగా వచ్చారు. 1980లో మరియెల్ రేవునుండి పడవలలో మరొక 1,25,000 మంది చేరారు.

ఈ చివరి వలస మయామిలో కొంత వ్యతిరేకతను రేపినది. ప్రభుత్వ ధనాన్ని ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడకానికి ఖర్చు చేయరాదన్న నిబంధనను 1980 నవంబరులో డేడ్ కౌంటీ ఓటర్లు ఆమోదించారు. పన్నెండేళ్ళకు పైగా అమలులో ఉన్న ఈ నిబంధనను కౌంటీ పాలకమండలి 1993 మే నెలలో రద్దు చేసినది. మి తియెర్రా విడుదలయినది ఆ మరుసటి నెలలో. ఈ రెండింటికీ సంబంధము లేకపోయినా, కచేరీలలో చెల్లని భాషగా ఉండిన స్పానిష్ అదే నగరంలో తయారైన పాటల ద్వారా దేశమంతటా వినబడడము అక్కడి క్యూబా వారికి చిన్న విషయము కాదు.

గాయని కుటుంబము

గ్లోరియా 1957 సెప్టెంబరు 1న హవానాలో జన్మించినది. పుట్టింటి పేరు ఫహార్దో. తండ్రి హోసే ఫహార్దో సైనికుడు; బాటిస్టా కుటుంబానికి రక్షకభటునిగా పనిచేసినవాడు. తల్లి ఉపాధ్యాయురాలు. విప్లవము తరువాత కుటుంబము మయామికి వచ్చునప్పటికి గ్లోరియాకు ఇంకా మాటలు కూడా సరిగా రాని వయసు. 1961 ఏప్రిల్‌లో అమెరికా గూఢచారి సంస్థ శిక్షణ ఇచ్చిన సుమారు 1,400 మంది ప్రవాసులు క్యూబాలోని బే ఆఫ్ పిగ్స్ వద్ద దిగి ఓడిపోయారు. వారిలో గ్లోరియా తండ్రి ఒకడు. పట్టుబడిన వేయిమందికి పైగా బందీలలో అతడూ చేరి క్యూబా చెరసాలలో ఉన్నాడు. సుమారు 5.3 కోట్ల డాలర్ల విలువగల ఆహారము, మందులు తీసుకొని 1962 డిసెంబరులో కాస్ట్రో ప్రభుత్వము వారిని విడిచిపెట్టినది.

తండ్రి చెరలో ఉన్నంతకాలము తల్లీ బిడ్డలు మయామిలోని ఆరెంజ్ బౌల్ మైదానము దగ్గరి పేద వాడలో బతికారు. క్యూబాలో సంపాదించిన చదువు అమెరికాలో చెల్లకపోవడముతో తల్లి మరల చదివి బడిపంతులుగా ఉద్యోగము సంపాదించవలసి వచ్చినది. చెరనుండి వచ్చిన తండ్రి అమెరికా సైన్యంలో చేరి వియత్నాము యుద్ధానికి వెళ్ళాడు. ఆ రోజులలో ఇంటికీ అతనికీ మధ్య ఉత్తరాలకు బదులు టేపులు నడిచేవి. కూతురు పాటలు పాడి టేపు మీద పంపితే, తండ్రి తన మాటలు రికార్డు చేసి పంపేవాడు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే అతడు నరాల వ్యాధితో మంచము పట్టాడు. యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అను విషరసాయనమే దీనికి కారణమని కుటుంబము నమ్మినది. తల్లి ఉద్యోగానికి వెళ్ళగా తండ్రికి, చెల్లెలికి అన్నీ తానే చూసుకొనవలసిన గ్లోరియా, గదిలో ఒంటరిగా గిటారు పట్టుకొని పాడుకొనేది. తండ్రి 1980లో మరణించాడు. "కుటుంబము", "దేశము" అన్న మాటలు ఈ ఆల్బములో విడదీయరానివిగా ఎందుకున్నవో ఈ చరిత్ర తెలిస్తే గాని బోధపడదు.

ఎమిలియో ఎస్తెఫాన్ క్యూబాలోని సాంతియాగో నగరంలో 1953 మార్చి 4న జన్మించాడు. బాల్యంలోనే తండ్రితో కలిసి స్పెయిన్ వెళ్ళి, అక్కడినుండి మయామిలోని బంధువుల ఇంటికి చేరాడు. పగలు బకార్డీ మద్యం కంపెనీ కార్యాలయంలో ఉద్యోగము, రాత్రి హోటళ్ళలో అకార్డియన్ వాయించడము అతని దినచర్య. అతడు నడిపిన బృందముతో 1975లో ఒక పెళ్ళి విందులో గ్లోరియా పాడినది. బృందములో చేరిన మూడేళ్ళకు, 1978లో వారి వివాహము జరిగినది.

ఇంగ్లీషు విజయము, స్పానిష్ నిర్ణయము

మయామి సౌండ్ మెషీన్ అను ఆ బృందము మొదట ఎక్కువగా స్పానిష్ పాటలు పాడేది. 1984లో ఇంగ్లీషు ఆల్బము వెలువరించినది. 1985 నాటి "కోంగా" పాటతో అమెరికా అంతటా ప్రసిద్ధి పొందినది. క్యూబా వీధుల ఉత్సవ నాట్యపు లయకు ఇంగ్లీషు మాటలు చేర్చిన పాట అది. 1989 నుండి ఆల్బములు గ్లోరియా ఒక్కతి పేరుతోనే వచ్చాయి. 1990 మార్చి 20న పెన్సిల్వేనియాలో మంచు కురుస్తుండగా ఆమె ప్రయాణిస్తున్న బస్సును ఒక లారీ ఢీకొనగా వెన్నెముక విరిగినది. వైద్యులు టైటానియం కడ్డీలు అమర్చారు. నెలల తరబడి శ్రమించి తిరిగి నడక నేర్చి, 1991లో మరల వేదికనెక్కినది.

ఇట్టి స్థితిలో, ఇంగ్లీషు శ్రోతల ఆదరణ ఉచ్చస్థాయిలో ఉండగా, ఆ శ్రోతలలో అధికులకు అర్థము కాని భాషలో ఆల్బము చేయడము వ్యాపారరీత్యా సాహసమే. దీనికి ముందు ఉదాహరణలు లేకపోలేదు. లిండా రోన్‌స్టాట్ 1987లో తన తండ్రి వంశమువారి మెక్సికో పాటలతో ఒక ఆల్బము చేసి లక్షల ప్రతులు అమ్మినది. లూయిస్ మిగేల్ 1991లో పాత బొలేరో పాటలను కొత్త తరానికి పరిచయము చేశాడు. కాని ఆ ఇద్దరూ ఆధారపడినది అప్పటికే జనము నోట నిలిచిన పాటల మీద. మి తియెర్రాకు ఆ ఊతము లేదు.

సంగీతము

క్యూబా సంగీతానికి వెన్నెముక "సోన్" అను పద్ధతి. స్పానిష్ వారి తంత్రీవాద్యాలు, పద్యరీతులు, ఆఫ్రికానుండి బానిసలుగా తెచ్చినవారి డోలు లయలు తూర్పు క్యూబాలో కలిసి ఇది పుట్టినది. దీనికి తాళము "క్లావే". రెండు గుండ్రని కర్రముక్కలను ఒకదానితో ఒకటి కొట్టగా వచ్చే అయిదు దెబ్బల ఆవృత్తమిది. ఒక సగములో మూడు, మరొక సగములో రెండు దెబ్బలు పడతాయి. కర్రముక్కలు మ్రోగకపోయినా వాద్యగాళ్ళందరి మనసులో ఈ లెక్క నడుస్తూనే ఉండాలి. "త్రెస్" అను చిన్న గిటారుకు మూడు జతల తీగలుంటాయి. పాట మొదటి భాగము కథ చెప్పగా, రెండవ భాగమైన "మొంతూనో"లో పల్లవిని బృందము మరల మరల అందుకుంటుంటే ప్రధాన గాయకుడు మధ్యమధ్య సొంత మాటలు అల్లుతాడు. బొలేరో నిదానపు ప్రేమపాట. వేణువు, వయొలిన్లతో సాగే "దన్సోన్" సభామర్యాద కలిగిన జంట నాట్యము.

ఈ పద్ధతులన్నీ ఆల్బములో ఉన్నవి. మయామిలో ఎస్తెఫాన్ దంపతుల సొంత స్టూడియో ఈ ఆల్బముకు కేంద్రము. తీగవాద్యాలు లండన్ సింఫనీ ఆర్కెస్ట్రావారు వాయించారు. క్యూబానుండి వచ్చిన గిటారు విద్వాంసుడు హువానితో మార్కెస్ పాటల రచనలో, వాద్యాల కూర్పులో ముఖ్యపాత్ర వహించాడు. ఆల్బముకు పాత వాసన పట్టించినవాడు ఎక్కువగా ఇతడే అని చెప్పవచ్చును.

వాద్యగాళ్ళ పట్టికే ఒక వలస చరిత్ర వంటిది. వారిలో పెద్దవాడు "కచావో" అని పిలువబడే ఇస్రాయెల్ లోపెస్ (1918 - 2008). ఇతడు, ఇతని అన్న ఒరెస్తెస్ 1930ల చివర దన్సోన్ చివరి భాగాన్ని సాగదీసి కొత్త లయ చేర్చగా, దానినుండి మాంబో సంగీతము పుట్టినది. ప్రపంచము ఆడిన నాట్యానికి మూలపురుషుడై ఉండి కూడా, 1962లో దేశము విడిచిన కచావో మయామిలో పెళ్ళిళ్ళకు, పుట్టినరోజు విందులకు బాస్ వాయిస్తూ చాలాకాలము మరుగున ఉండిపోయాడు. 1992లో నటుడు ఆండీ గార్సియా అతని గౌరవార్థము కచేరీ ఏర్పాటు చేసి చిత్రము తీయడము, మరుసటి ఏడు మి తియెర్రాలో వాయించడము అతనికి డెబ్బది అయిదేళ్ళ వయసులో రెండవ జీవితాన్ని ఇచ్చాయి. సాక్సోఫోన్ వాద్యగాడు పాకితో ద'రివేరా 1980ల ఆరంభంలోను, బాకా వాద్యగాడు అర్తురో సాందోవాల్ 1990లోను విదేశ యాత్రలలో ఉండగా క్యూబాకు తిరిగిపోక నిలిచిపోయినవారు. అంటే 1962 నాటి ప్రవాసి, 1990 నాటి ప్రవాసి ఒకే ఆల్బములో కూడినారు. వీరుకాక న్యూయార్కులో పోర్టోరికో దంపతులకు పుట్టిన తీతో ప్వెంతే, పోర్టోరికో వేణువాద్యగాడు నెస్తోర్ తోర్రెస్, నికరాగ్వా గాయకుడు లూయిస్ ఎన్రికే, కాలిఫోర్నియాకు చెందిన డోలు వాద్యగత్తె షీలా ఇ. కూడా పాల్గొన్నారు.

పాటలు

ఆల్బములో తొలి పాట "కోన్ లోస్ ఆన్యోస్ కే మే కెదాన్" (నాకు మిగిలిన ఏళ్ళతో) గ్లోరియా, ఎమిలియోలు కలిసి రాసిన బొలేరో. చేసిన తప్పులు ఒప్పుకొని, మిగిలిన జీవితముతో ప్రేమను రుజువు చేసుకుంటానని చెప్పే పాట ఇది. మృత్యువును దగ్గరగా చూసి వచ్చిన గాయని గొంతున ఈ మాటలు వినునప్పుడు, ఇది ఇద్దరి మధ్య ప్రణయ కలహానికి పరిమితమైన పాటగా అనిపించదు. 

రెండవది శీర్షిక గీతము "మి తియెర్రా". పుట్టిన నేలను మరువలేమని, అక్కడ లేనప్పుడే ఆ నేల గుండె నడుమ నొప్పిగా మారుతుందని దీని సారాంశము. వెన్నెలలో పల్లెటూరి రైతు పాడే సోన్, వీధిలో అమ్మకందారుల కేకలు, ఊరికి పోయే దారులలో వినబడే నిట్టూర్పు ఇందులో వర్ణించబడ్డాయి. రాజకీయాలు ఎక్కడా లేవు. కాస్ట్రో పేరు గాని, విప్లవము మాట గాని, ఆ మాటకు వస్తే క్యూబా పేరు గాని పాట చెప్పదు. అందువల్లనే మెక్సికో, కొలంబియా, ఎల్ సాల్వడోర్ దేశాలనుండి వచ్చిన వలసవారు కూడా దీనిని తమ పాటగా చేసుకోగలిగారు. క్యూబా ప్రవాసుల జాతీయగీతము వలె మారిన ఈ పాటను రాసిన ఎస్తెఫానో క్యూబావాడు కాడు, కొలంబియా దేశస్థుడు. ఇంటిపేరును పోలి ఉన్నప్పటికీ ఎస్తెఫాన్ కుటుంబానికి ఇతడు బంధువు కాడు. అది అతడు పెట్టుకున్న కలంపేరు.

"అయెర్" (నిన్న) పాటలో నాయికకు ప్రియుడు ఎన్నడో ఇచ్చిన పువ్వు దొరుకుతుంది. "మి బ్వెన్ అమోర్" (నా మంచి ప్రేమ), "తుస్ ఓహోస్" (నీ కన్నులు), "బోల్వెరాస్" (తిరిగి వస్తావు) కూడా ప్రేమపాటలే. అయితే ఎదురుచూపు, తిరిగిరాక, పాత గుర్తులు ప్రవాసుల ఇళ్ళలో ప్రేమికులకు మాత్రమే చెందిన మాటలు కావు. పాట ప్రియునిగురించి పాడుతుంటే వినే ముసలివారు ఊరిగురించి విన్నారంటే ఆశ్చర్యము లేదు. "నో ఆయ్ మాల్ కే పోర్ బియెన్ నో వెంగా" అన్న శీర్షిక ఒక స్పానిష్ సామెత. మేలు తీసుకురాని కీడు లేదని దాని భావము.

"ఆబ్లెమోస్ ఎల్ మిస్మో ఇదియోమా" (ఒకే భాష మాట్లాడుకుందాము) ఆల్బములోని ఏకైక ప్రబోధ గీతము. అమెరికాలోని స్పానిష్ భాషీయులు బయటివారికి ఒకే జాతిగా కనబడినా, క్యూబా, మెక్సికో, పోర్టోరికోలవారు వచ్చిన కారణాలు వేరు, వారికి లభించిన స్వాగతము వేరు. క్యూబావారికి శరణార్థులుగా చట్టపరమైన వెసులుబాటు దొరికినది; మెక్సికోవారికి అది లేదు. ఈ తేడాలను పక్కనపెట్టి కలిసి నిలుద్దామని పాట కోరుతుంది. భావము ఉన్నతమైనదే కాని తక్కిన పాటలలో ఉన్న సూటియైన అనుభవము ఇందులో తక్కువ. "మొంతూనో", "సీ సెన్యోర్", "ఆబ్లాస్ దే మి" వాద్యగాళ్ళ ప్రతిభకు చోటిచ్చే నాట్యగీతాలు. చివరి పాట "త్రాదిసియోన్" (సంప్రదాయము) పెద్దలనుండి వచ్చిన డోలు లయను ముందు తరానికి అందించే పాట. ఆల్బము మాటలకంటె లయకే ఎక్కువ చోటిచ్చి ముగుస్తుంది.

ఆదరణ

బిల్‌బోర్డ్ పత్రిక 1993 జూలై 10న లాటిన్ ఆల్బముల కొత్త పట్టికను ఆరంభించగా అందులో మొట్టమొదటి అగ్రస్థానము మి తియెర్రాకే దక్కినది. మొత్తము 58 వారాలు ఇది ఆ స్థానంలో ఉన్నది. అన్ని భాషల ఆల్బములు కలిసిన పట్టికలో 27వ స్థానము వరకు చేరినది. "మి తియెర్రా", "కోన్ లోస్ ఆన్యోస్ కే మే కెదాన్", "మి బ్వెన్ అమోర్" మూడూ లాటిన్ పాటల పట్టికలో మొదటి స్థానము పొందాయి. స్పెయిన్ దేశంలో పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయినవి. వలసవారి ముత్తాతలు బయలుదేరిన దేశము కూడా అదే అన్నది ఇక్కడ గమనింపదగినది. 1994 గ్రామీ పురస్కారాలలో లాటిన్ ట్రాపికల్ విభాగంలో దీనికి బహుమతి లభించినది. గ్లోరియాకు ఇదే తొలి గ్రామీ.

ఆల్బము మరీ నున్నగా ఉన్నదన్న ఆక్షేపణకు చోటున్నది. చెమట, పొగ, మందు వాసన నిండిన హవానా నాట్యశాలల గరుకుదనము లండన్ వయొలిన్ల కింద కొంత అణగిపోయిన మాట నిజము. 1996లో హవానాలోనే అక్కడి వృద్ధ కళాకారులతో రికార్డు చేసి 1997లో విడుదల చేసిన "బ్వెనా విస్తా సోషల్ క్లబ్" విన్నవారికి ఈ తేడా మరింత తెలిసివచ్చును. కాని ఆ ఆల్బము చేసినవారికి హవానా అందుబాటులో ఉన్నది. కచావోకు, సాందోవాల్‌కు లేదు.

ఇదే పద్ధతిని కొనసాగిస్తూ గ్లోరియా మరికొన్ని స్పానిష్ ఆల్బములు చేసినది. 1995 నాటి "అబ్రియెందో ప్వెర్తాస్" కొలంబియా లయల మీద ఆధారపడగా, 2000లో వచ్చిన "అల్మా కరిబేన్యా" మరల క్యూబా సంగీతానికి వచ్చినది. 2007 నాటి "90 మియాస్" పేరు ఫ్లోరిడా, క్యూబాల నడుమ ఉన్న దూరాన్ని సూచిస్తుంది. 2025లో "రాయిసెస్" (వేళ్ళు) వెలువడినది. ఎస్తెఫాన్ దంపతుల జీవితము ఆధారముగా 2015లో న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలము మీద ప్రదర్శించబడిన సంగీత నాటకంలో మి తియెర్రా పాట కూడా చేర్చబడినది.

క్యూబాలో

దేశము విడిచి ప్రభుత్వాన్ని వ్యతిరేకించిన కళాకారుల పాటలను క్యూబా ప్రభుత్వ రేడియో దశాబ్దాలపాటు ప్రసారము చేయలేదు. ఆ పేర్లలో గ్లోరియాతోపాటు సేలియా క్రూస్ వంటివారు ఉన్నారు. ఈ నిషేధాన్ని నిశ్శబ్దముగా సడలించినట్లు 2012లో వార్తలు వచ్చాయి. మరొకవైపు మయామిలోని ప్రవాసులలో తీవ్రవాదులైనవారు, ద్వీపంలోనే నివసించే క్యూబా కళాకారులను తమ నగరంలో పాడనీయరాదని పట్టుబట్టేవారు. 1997లో గ్లోరియా అట్టివారికి కూడా పాడే హక్కుండాలన్న వాదనను సమర్థించగా, ఆమె పాటకు కన్నీరు పెట్టుకున్న మయామి రేడియో శ్రోతలే ఆమెను నిందించారు.

1979లో ఎమిలియో సోదరుని కుటుంబము కోసము గ్లోరియా కొద్దికాలము క్యూబా వెళ్ళి వచ్చినది. ఆ తరువాత ఆమె ఆ నేలమీద అడుగుపెట్టినది 1995లో. అదీ అమెరికా ఆధీనంలోని గ్వాంతనామో నౌకాస్థావరంలో. 1994 వేసవిలో తెప్పలమీద, లారీ టైర్ల ట్యూబులమీద సముద్రము దాటబోయిన 30,000 మందికి పైగా క్యూబావారిని అమెరికా నావికాదళము పట్టుకొని అక్కడి శిబిరాలలో ఉంచినది. గ్లోరియా వెళ్ళి వారి ఎదుట పాడినది. ముళ్ళకంచెకు ఆవల ఉన్నది క్యూబా. శిబిరాలలోని చివరి శరణార్థులు 1996 జనవరిలో అమెరికా చేరారు.